చెన్నై బీచ్ ఎండలో బ్యాటరీ ఫ్లాష్: 200 చాలా, 600 కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పెరంబూరులో ఉంటూ మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, ప్రీ-వెడ్డింగ్‌లు తీస్తున్నారు. చేతిలో ఉన్నది నాలుగు ఏఏ సెల్స్ వేసుకునే స్పీడ్‌లైట్ (కెమెరా మీద తగిలించే చిన్న ఫ్లాష్) ఒక్కటే. బీసెంట్ నగర్ బీచ్‌లో సాయంత్రం నాలుగింటికి జంటను ఎండకు వీపు పెట్టించి తీస్తే మొహాలు నల్లబడుతున్నాయి. హైస్పీడ్ సింక్ (షట్టర్ బాగా వేగంగా ఉన్నా ఫ్లాష్ వెలిగే పద్ధతి) వేస్తే ఫ్లాష్ పడిందో లేదో కూడా తెలియడం లేదు. పది ఫొటోల్లో రెండింటికి అసలు పడడమే లేదు. 200 వాట్-సెకన్ల (ఒక్క ఫ్లాష్‌లో ఇచ్చే శక్తి కొలత) లైటు కొనాలా, 600దా, ఎన్ని బ్యాటరీలు ఉండాలి అని అడిగారు. సామాను టూవీలర్ మీదే తీసుకెళ్తారు, పక్కన ఒక కుర్రాడు ఉంటాడు అన్నారు కదా, ఆ మాట కూడా లెక్కలోకి వస్తుంది.

సూటిగా చెప్పాలంటే ముందు 200ది ఒకటి, రెండు బ్యాటరీలతో తీసుకోండి. కొన్నాళ్ళు వాడాక అదే రకంలో రెండోది కొనండి. 600 ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దో లెక్కతో చూపిస్తాను. ఈ లెక్క ఒకసారి చేతికొస్తే రేపు ఏ కంపెనీ లైటు చూసినా మీరే తేల్చుకోగలరు.

వెలుతురు ఒక స్టాప్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 200 నుంచి 400కి ఒక స్టాప్. 600కి వెళ్తే ఒకటిన్నర మీద కాస్త. అంతకుమించి లేదు. అదే లైటును 2 మీటర్ల దూరం నుంచి 1.15 మీటర్లకు జరిపితే మొహం మీద పడే వెలుతురు మూడు రెట్లవుతుంది. అంటే 200 లైటును దాదాపు మూడడుగులు ముందుకు తెస్తే 600 కొన్నంత ఫలితం. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలు. దీన్ని అందరూ చదువుకున్నవాళ్ళే, కానీ స్టాండు పెట్టేటప్పుడు ఫ్రేములో పడుతుందేమోనన్న భయంతో అవసరం కన్నా మీటరు వెనక్కి పెడతారు. బీచ్‌లో సగం తిప్పలు ఆ మీటరు దగ్గరే.

లైటు కొన్న రోజే ఒక పని చేయండి. రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, మీరు వాడబోయే సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలించి, దాని ముందు గుడ్డ నుంచి మనిషి ముక్కుకి సరిగ్గా ఒక మీటరు టేపుతో కొలవండి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/160, ఫ్లాష్ ఫుల్ పవర్. ఎఫ్ 22 నుంచి (ఎఫ్ అంకె తగ్గితే లెన్సు రంధ్రం పెద్దదవుతుంది) ఒక్కో స్టాప్ తెరుచుకుంటూ రండి. నుదురు, ముక్కు మీద వెలుగు కాలిపోకుండా మొహం సరిగ్గా వచ్చిన ఎఫ్ నంబరును మార్కర్‌తో సాఫ్ట్‌బాక్స్ లోపలి అంచు మీద రాసి పెట్టుకోండి. మీకు ఎఫ్ 16 వచ్చిందనుకుందాం. అప్పుడు 1.4 మీటర్లకు ఎఫ్ 11, 2 మీటర్లకు ఎఫ్ 8, 2.8 మీటర్లకు ఎఫ్ 5.6. బాక్సు మీద కంపెనీ వేసే గైడ్ నంబరు (ఫ్లాష్ బలం చెప్పే అంకె) రిఫ్లెక్టరుతో కొలిచింది. రెండు పొరల గుడ్డ వేసిన సాఫ్ట్‌బాక్స్‌కి అది పనికిరాదు, మీరు రాసుకున్న అంకే పనికొస్తుంది.

ఇప్పుడు ఎండ సంగతి. నిండు ఎండకి పాత లెక్క ఐఎస్ఓ 100, 1/100, ఎఫ్ 16. 1/200కి మారిస్తే ఎఫ్ 11. నాలుగు దాటాక ఎండ వాలుతుంది కాబట్టి ఎఫ్ 8కి, ఎఫ్ 11కి మధ్య ఎక్కడో తేలుతుంది. పైన వేసుకున్న ఉదాహరణ ప్రకారం 1.4 మీటర్ల దూరంలో 200 లైటు ఫుల్ పవర్‌లో ఎఫ్ 11 ఇస్తుంది, అంటే ఎండతో సమానం. నడుము పైనుంచి తీసే ఫొటోకి 1.4 మీటర్లలో సాఫ్ట్‌బాక్స్ ఫ్రేము బయటే ఉంటుంది. కాబట్టి దగ్గరి ఫొటోలకు 200 చాలు.

చాలనిది ఎక్కడంటే, జంట తల నుంచి పాదాల దాకా, చుట్టూ బోలెడు ఖాళీతో, నిండు ఎండలో. లైటు దాదాపు 3 మీటర్లు వెనక్కి పోవాలి, అప్పుడు రెండు స్టాపులు తక్కువ పడుతుంది. దానికి మూడు దారులున్నాయి. ఒకటి, సాఫ్ట్‌బాక్స్ లోపలి చిన్న గుడ్డ తీసేయడం. అర స్టాపు, ఒక్కోసారి ఇంకాస్త కలిసొస్తుంది, నీడ అంచులు కొంచెం గట్టిపడతాయి. రెండు, 200 లైట్లు రెండింటినీ ఒకే బ్రాకెట్‌లో పెట్టడం. గోడాక్స్ అనే ఫ్లాష్ కంపెనీలో ఏడీ-బీ2 అనే బ్రాకెట్ దీనికోసమే ఉంది, బోవెన్స్ మౌంట్ (లైటుకి బిగించే ఒక రకం పట్టు) ఉన్న సాఫ్ట్‌బాక్స్ దానికి పడుతుంది. మూడోది నాకు అన్నిటికన్నా నచ్చే దారి. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, ఫోకస్ లాక్ చేసి, లైటును జంట పక్కనే ఫ్రేములోనే పెట్టి ఒక ఫొటో తీయండి. వెంటనే స్టాండు తీసేసి, ఏ సెట్టింగూ కదపకుండా ఖాళీ ఫొటో ఇంకొకటి. ఫొటోషాప్‌లో రెండో దాని నుంచి ఇసుక, ఆకాశం తెచ్చి స్టాండు మీద కప్పేయండి. అలలు కదులుతాయి కాబట్టి స్టాండును నీళ్ళకు అడ్డంగా కాక పొడి ఇసుక వైపు ఉంచితే అతుకు కనపడదు. ఇలా ఫుల్ లెంగ్త్ కూడా 200తోనే వెళ్ళిపోతుంది.

మిట్టమధ్యాహ్నం గుంపు ఫొటోలే మీ ప్రధాన పని అయితే అప్పుడు 600 కొనండి, తప్పులేదు. కానీ అది రెండున్నర కిలోల పైమాట. దాన్ని ఎత్తున నిలబెట్టే స్టాండు, పెద్ద ఇసుక బస్తా కలిస్తే టూవీలర్ ప్రయాణం కష్టం. 200 రకం బ్యాటరీతో సహా కిలో లోపే ఉంటుంది, కుర్రాడు మోనోపాడ్ మీద పట్టుకుని జంటతోపాటు నడవగలడు. మీ పనికి ఈ నడవగలగడమే పెద్ద లాభం.

బీచ్‌లో దిక్కు చూసుకోవడం కూడా ముఖ్యమే. మనకు సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సూర్యుడు ఊరి వైపుంటాడు. సముద్రం వెనకాల కావాలని జంటను నిలబెడితే ఎండ సూటిగా వాళ్ళ కళ్ళలో పడి కళ్ళు చికిలిస్తారు. తిప్పితే వెనకాల బజ్జీల బండ్లు, పార్కింగ్ వస్తాయి. సముద్రం, వెనక నుంచి వెలుతురు రెండూ కావాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి, ఆరు గంటలకు అటూ ఇటూ. ఆ వేళ ఎండ మెత్తగా ఉంటుంది కాబట్టి 200 లైటు నాలుగో వంతు పవర్‌లో సరిపోతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది. సాయంత్రమే తప్పదంటే కెమెరాను తీరం పొడవునా, దక్షిణానికో ఉత్తరానికో తిప్పండి. ఎండ పక్క నుంచి జుట్టు మీద, భుజం మీద పడుతుంది, ఫ్లాష్ సముద్రం వైపు నుంచి మొహం మీద పడుతుంది.

ఇక్కడే జాగ్రత్త. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది, అదీ తూర్పు నుంచే. మీ సాఫ్ట్‌బాక్స్ వీపుకి గాలి తగులుతుంది, అంటే పడితే జంట మీదే పడుతుంది. 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ గాలికి తెరచాప లాంటిది. స్టాండు కాళ్ళలో ఒకటి గాలి తోసే దిక్కుకి, అంటే జంట వైపుకి చాచి ఉండాలి. కనీసం 5 కిలోల ఇసుక సంచి స్టాండు మధ్య రాడ్డు కింద వేలాడాలి, అది ఊగకుండా నేలను కాస్త తాకాలి. ఖాళీ సంచులు తీసుకెళ్ళి అక్కడి ఇసుకే నింపుకోవచ్చు, తడి ఇసుక అయితే ఇంకా బరువు. అయినా సంచిని నమ్మి కుర్రాడిని రిఫ్లెక్టరు పట్టుకోమని పంపకండి. గాలున్నప్పుడు అతని చెయ్యి స్టాండు మీదే ఉండాలి. గొడుగు రకం మాడిఫయర్లు బీచ్‌కి తేవద్దు, ఒక్క ఊపుకి కమ్ములు తిరగబడతాయి.

హైస్పీడ్ సింక్‌లో ఫ్లాష్ పడనట్టు ఎందుకు అనిపిస్తోందంటే, షట్టర్ 1/200 లేదా 1/250 (దీన్నే సింక్ స్పీడ్ అంటారు) దాటితే సెన్సరు మొత్తం ఒకేసారి తెరుచుకోదు, సన్నటి చీలిక పైనుంచి కిందికి జరుగుతుంది. ఆ జరిగినంతసేపూ ఫ్లాష్ ఒక్క దెబ్బగా కాక చిన్న చిన్న పల్సులుగా వెలగాలి. ఆ వెలుతురులో ఎక్కువ భాగం మూసి ఉన్న కర్టెన్ మీదే పోతుంది. గీత దాటగానే దాదాపు రెండు స్టాపులు పోతాయి, అక్కడి నుంచి షట్టర్ పెంచే ప్రతి స్టాపుకీ ఇంకో స్టాపు. స్పీడ్‌లైట్‌లో మొదటే ఉన్నది తక్కువ, అందులో నాలుగో వంతు మిగిలితే ఎండలో ఏం కనిపిస్తుంది?

మీరు హైస్పీడ్‌కి వెళ్ళేది ఎఫ్ 4 లాంటి అపెర్చరుతో వెనకాలంతా మెత్తగా కరిగిపోవాలని. దానికి ఎన్‌డీ ఫిల్టరు (లెన్సు ముందు పెట్టే, వెలుతురు తగ్గించే నల్ల గాజు) మంచి దారి. 1/200, ఎఫ్ 11 దగ్గర ఎండ సరిపోయిందనుకోండి. ఎన్‌డీ8 పెడితే మూడు స్టాపులు తగ్గుతాయి, 1/200లోనే ఎఫ్ 4కి తెరవొచ్చు. ఫ్లాష్‌కి కావలసిన పవర్ ఎఫ్ 11కి ఎంతో అంతే, పైసా పెరగదు. అదే ఫొటో హైస్పీడ్‌లో 1/1600, ఎఫ్ 4 దగ్గర తీస్తే ఫ్లాష్ నాలుగింతల పవర్ అడుగుతుంది. ఎన్‌డీతో 200 లైటు చేసే పనికి హైస్పీడ్‌లో 800 కావాలి. మిర్రర్‌లెస్‌లో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేస్తే వ్యూఫైండర్ చీకటి కూడా ఉండదు. డీఎస్ఎల్ఆర్ అయితే ఫోకస్ చేసుకున్నాక ఫిల్టరు పెట్టండి. చవక రకాలు చర్మానికి ఆకుపచ్చో ఊదో రంగు పూస్తాయి, కొనేముందు తెల్ల కాగితాన్ని ఫిల్టరుతో ఒకటి, లేకుండా ఒకటి తీసి పోల్చుకోండి. పరిగెత్తే పిల్లలు, ఎగిరే పావడా లాంటివి ఎండలో ఆపాలంటే మాత్రం హైస్పీడే కావాలి, అప్పుడు లైటును ఒక మీటరులోకి తెచ్చుకోండి. సోనీ ఏ9 3 లాంటి గ్లోబల్ షట్టర్ (సెన్సరంతా ఒకేసారి పనిచేసే) కెమెరాల్లో ఈ గొడవే లేదు కానీ, ఫ్లాష్ కోసమని కెమెరా మార్చమని నేను చెప్పను.

పదిలో రెండు పడకపోవడానికి మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం రీసైకిల్ (ఒకసారి వెలిగాక ఫ్లాష్ మళ్ళీ నిండడం) మీదే. నాలుగు ఏఏ సెల్స్ వేడెక్కేకొద్దీ నింపడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి, మీరు అంతలోనే రెండోది నొక్కేస్తున్నారు. 200 రకంలో గోడాక్స్ లైటు ఏడీ200 ప్రో ఫుల్ పవర్ నుంచి తేరుకోవడానికి సుమారు 1.8 సెకన్లు. బీప్ ఆన్ చేసుకోండి, బీప్ వినబడేదాకా వేలు కదపకండి. సగం పవర్‌లో పెట్టుకుంటే ఆ వ్యవధి సగానికి పడుతుంది, ఒకటే స్టాపు పోతుంది. అందుకే ఒక అడుగు దగ్గరికి జరిగి సగం పవర్‌లో తీయడం ఎప్పుడూ మేలు.

అది కాకపోతే ఈ వరసలో చూడండి. కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆన్ అయి ఉంటే చాలా మోడళ్ళలో ఫ్లాష్ పడనే పడదు. ముహూర్తం వేళ చప్పుడు రాకూడదని ఆన్ చేసి మర్చిపోవడం అందరికీ జరిగేదే. తరవాత హాట్‌షూలో (కెమెరా నెత్తి మీది గాడి) ట్రిగ్గరు, అంటే లైటుకి రేడియో సంకేతం పంపేది, చివరిదాకా కూర్చుందా, రింగు బిగిందా. బీచ్‌లో ఉప్పు తేమ ఆ పిన్నుల మీద పొరలా పట్టుకుంటుంది, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి గుడ్డతో తుడవండి. గోడాక్స్ ట్రిగ్గర్లలో దూరం సెట్టింగ్ ఒకటి ఉంటుంది, 1–100 మీటర్లు, 0–30 మీటర్లు అని. లైటు మీ పక్కనే ఉన్నప్పుడు 1–100లో ఉంటే పడీ పడకుండా ఏడిపిస్తుంది, 0–30కి మార్చండి. కింద నల్ల పట్టీ వస్తోందంటే సింక్ స్పీడ్ దాటారు. 1/250 అని రాసి ఉన్న కెమెరాలో కూడా రేడియో ట్రిగ్గరుతో అంచున సన్నని నీడ రావచ్చు, 1/200కి దిగండి.

ఇక బ్యాటరీలు. ఏడీ200 ప్రోది 14.4 వోల్టులు, 2900 ఎంఏహెచ్, అంటే సుమారు 42 వాట్-అవర్లు. ఫుల్ పవర్‌లో 500 దాకా అని కంపెనీ మాట. మీ నాలుగు ఏఏ రీచార్జ్ సెల్స్ కలిపితే తొమ్మిది, పది వాట్-అవర్లు, తేడా అక్కడే తెలుస్తుంది. మోడలింగ్ లైటు (ఫ్లాష్ పక్కనే ఆగకుండా వెలిగే చిన్న దీపం) ఆపి ఉంచితే బీచ్ షూట్ ఒక్క బ్యాటరీతో అయిపోతుంది. రెండోది ఎందుకంటే, పొద్దున బీచ్ చేసి సాయంత్రం రిసెప్షన్‌కి వెళ్ళే రోజున మధ్యలో చార్జింగ్‌కి చోటు దొరకదు. బ్యాటరీల మీద 1, 2 అని రాసి, వాడేసిన దానికి మూత తిరగేసి పెట్టడం లాంటి గుర్తు ఏదో ఒకటి అలవాటు చేసుకోండి.

లిథియం బ్యాటరీని మన ఊళ్ళో చంపేది ఎండే. మూసిన కారులో, డిక్కీలో మధ్యాహ్నం వదిలేయకండి. షూట్ అవగానే వేడి మీదున్న బ్యాటరీని చార్జర్‌కి తగిలించకండి, చేతికి చల్లగా తగిలాక పెట్టండి. 45 డిగ్రీల పైన చార్జ్ చేస్తే ఆయుష్షు కోసేసుకున్నట్టే. ఆషాఢం, మూఢాల్లో నెలల తరబడి పని లేనప్పుడు ఫుల్‌గా కాకుండా, ఖాళీగా కాకుండా సగం చార్జిలో దాచి, మూడు నెలలకోసారి చూసుకోండి. లైటుకి కూడా అప్పుడప్పుడు పని చెప్పాలి, లోపలి కెపాసిటర్ వాడకుండా ఉంటే మందగిస్తుంది. చాలా రోజుల తరవాత తీస్తే ఒక్కసారిగా ఫుల్ పవర్ కొట్టకుండా, ఆన్ చేసి కాసేపు ఉంచి, తక్కువ పవర్ నుంచి మెల్లగా పెంచండి. బ్యాటరీ పొట్ట ఉబ్బి, లైటులోకి జారడం బిగుతుగా అనిపిస్తే దాని పని అయిపోయినట్టే, ఇ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో లోపలి సెల్స్ మార్చి ఇస్తామనేవాళ్ళు దొరుకుతారు, నేనైతే వద్దంటాను. ఫ్లాష్ ఒక్కసారిగా లాగే కరెంటుకి మామూలు సెల్స్ తట్టుకోవు. లైటు బాడీని మాత్రం ఎవరూ విప్పకూడదు, బ్యాటరీ తీసేసినా లోపల వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

విజయవాడకో హైదరాబాద్‌కో విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో కుదరదు. కాంటాక్టుల మీద టేపు అంటించండి. 100 వాట్-అవర్ల లోపు కాబట్టి ఎయిర్‌లైన్ అనుమతి అవసరం ఉండదు. ఏడీ600 ప్రో బ్యాటరీ కూడా సుమారు 75 వాట్-అవర్లే.

పెళ్ళి హాల్లో ఇదే లైటు వేరే రకంగా పనిచేస్తుంది. స్టేజీకి వెనక మూలల్లో ఒక్కొక్కటి ఎత్తుగా పెట్టి, పదహారో వంతు పవర్, ఐఎస్ఓ 800 నుంచి 1600, ఎఫ్ 4 దగ్గర మొదలుపెట్టండి. వీడియోవాళ్ళ పసుప్పచ్చ లైట్లున్నచోట ఫ్లాష్ మీద సీటీఓ జెల్ (నారింజ రంగు పల్చటి రేకు) వేయకపోతే మొహం తెల్లగా, వెనకంతా నారింజగా చీలిపోతుంది. ఇంకో ఫొటోగ్రాఫర్ కూడా అదే కంపెనీ ట్రిగ్గరు వాడుతుంటే వాళ్ళ నొక్కుకి మీ లైట్లు పడతాయి. చానెల్ ఒక్కటీ మార్చి ఊరుకోకండి, ఐడీ నంబరు కూడా పెట్టుకోండి. హాలంతా వై-ఫై, వందల ఫోన్లు ఉంటే ట్రిగ్గరులో స్కాన్ నొక్కి ఖాళీ చానెల్ ఎంచుకోండి.

తలంబ్రాలకి మాత్రం ప్రత్యేకంగా సిద్ధపడాలి. పసుపు బియ్యం గింజలు గాలిలో విడివిడిగా నిలవాలంటే షట్టర్ స్పీడు కన్నా ఫ్లాష్ ఎంత క్లుప్తంగా వెలుగుతుందన్నదే ముఖ్యం. ఏడీ200 ప్రో ఫుల్ పవర్‌లో 1/220 సెకను దాకా వెలుగుతూనే ఉంటుంది, గింజలన్నీ గీతల్లా సాగుతాయి. అతి తక్కువ పవర్‌లో అది 1/13000కి కుదించుకుపోతుంది. పదహారో వంతుకో ముప్పైరెండో వంతుకో దించి, లోటు ఐఎస్ఓతో పూడ్చండి. అయితే ఐఎస్ఓ పెంచినకొద్దీ హాలు వెలుతురు కూడా లోపలికొస్తుంది, అది ఫ్లాష్ కన్నా కనీసం రెండు, మూడు స్టాపులు కింద ఉండాలి. లేకపోతే ప్రతి గింజకీ పక్కన పొగలాంటి తోక కనపడుతుంది. ముందే ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీసి చూడండి, హాలు దాదాపు నల్లగా రావాలి. గింజలకు వెనక నుంచి లైటు తగిలితేనే అంచులు మెరుస్తాయి, ముందు నుంచి కొడితే పట్టుచీరలో కలిసిపోతాయి. ఏసీ హాల్లోంచి బయట బారాత్‌కి వెళ్ళేటప్పుడు లెన్సుకే కాదు, ఫ్లాష్ ట్యూబు గాజుకీ చెమట పడుతుంది, సంచిలోనే పది, పదిహేను నిమిషాలు ఉంచి తీయండి. విడి ట్యూబును వట్టి వేళ్ళతో పట్టుకోకండి, వేలి నూనె అంటిన చోట వేడికి గాజు దెబ్బతింటుంది.

సెకండ్‌హ్యాండ్ చూస్తానంటే అక్కడే ఫుల్ పవర్‌లో ఇరవై కొట్టి చూడండి. ప్రతి బీప్‌కీ మధ్య వ్యవధి ఒకేలా ఉండాలి, సాగుతూ పోతే బ్యాటరీ అలిసిపోయింది. ట్యూబు చివర్లు నల్లబడి ఉంటే బాగా వాడినట్టు. ఒకే చోట, ఒకే సెట్టింగులో గోడకు పది ఫొటోలు తీసి వరసగా చూడండి, వెలుతురు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా వస్తుంటే వదిలేయండి. కొత్తది కొంటే మన దేశపు వారంటీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, ట్రిగ్గరు మీ కెమెరా కంపెనీకి తగినదేనా అని పక్కనే తగిలించి, ఒక ఫ్లాష్ కొట్టి చూశాకే డబ్బు కట్టండి.